మూడెర్ర, ఒక నల్ల

కొత్తవాడ సొసైటీ ఆఫీసుల
పాత కంప్యూటర్ లేవాలంటే
ఒక చాయ తాగేంత సేపు.
క్యాసెట్ మీద నీలి పెన్నుతో బాపు చేతిరాత:
‘పెద్ద జంపఖానా. నెమలి అంచు. రెండో దిక్కు ఖాళీ.’

కంటి ఆపరేషన్‌కు పోయే ముందటి రాత్రి
టేప్ రికార్డర్ ముందల కూసొని
డిజైనంత నోటితోనే నేసిండు ఆడెపు నర్సింగం.
కాయితం మీద గీసుడు రాదాయనకు.
మూడెర్ర. ఒక నల్ల. ఎడమకు జరుగు. మళ్ల మూడెర్ర.
కట్టు ఇప్పినంక చూపు వచ్చింది,
ఆర్డరే వాపసు పోయింది.

ఇప్పుడు షెడ్డుల పదకొండు మంది ఆడపిల్లలు
నెమలి అంచు నేర్చుకుంటమంటున్నరు.
క్యాసెట్ ఏడ తిరుగుతది? ఫోన్లకు ఎక్కియ్యాలె.

మొదలు దింపుకున్న సాఫ్ట్‌వేర్
ఏడు దినాలు మంచిగ మాట్లాడి
ఎనిమిదో దినం కార్డు నంబరడిగింది.
రెండోది ఫ్రీయే, గని
ముప్పై సెకండ్లకొకపాలి ఎవరో పిల్ల గొంతు.
మూడెర్ర. డెమో. ఒక నల్ల. డెమో.
మూడోది, ఫైలు నాకు పంపు, మార్చి ఇస్తనన్నది.
మగ్గం మా ఇంటికి తీస్కపోయి నేసిస్తమంటే
ఎవలన్న ఇస్తరా?

నాలుగోది పాలిటెక్నిక్ పిలగాడు తేజ తెచ్చిండు.
మొకమంత బూడిద రంగు, సొగసు లేదు.
‘ఇది ఒక్కలది గాదక్కా, అందరిది.
లోపలి పోగులు గూడ ఇప్పి చూడొచ్చు,
మార్చి పక్కోళ్లకియ్యొచ్చు.’
‘మరి పాడైతే ఎవలినడగాలె?’
‘అందర్ని.’

బాపు గొంతు తెర మీద నీలి గీతలై పరుచుకున్నది.
మాటకొక ఉబ్బు,
మాటకు మాటకు నడుమ సన్నటి పోగు.
నలభై నాలుగు నిమిషాలు.
మెనూల ఒక పనిముట్టు దొరికింది:
నిశ్శబ్దాలు కత్తిరించు.
నొక్కిన.
ఇరవై ఆరు నిమిషాలైంది. ఎంత ఆదా అనుకున్న!

బాపుతో ఒకే మగ్గం మీద పదేండ్లు కూసున్న
బూర వరమ్మను పిలిచి చెవులకు వైర్లు పెట్టిన.
ఆమె కండ్లు మూసుకున్నది.
ఉత్త గాలిల చేతులు లేసినయి.
రెండు వరుసలు నడిచినయి,
మూడో వరుసల ఒకదానికొకటి తాకి ఆగినయి.
వైర్లు పీకి నా మొకం జూసింది.
‘గీయిన నర్సింగమేనా?
గింత ఉరుకుతడా? నాడె ఎప్పుడేసేది బిడ్డా?’

కంట్రోల్ జెడ్.
పద్దెనిమిది నిమిషాల ఏం లేకపోవుడు
ఒక్కపారే వాపసు వచ్చింది.
చెవి దగ్గర పెట్టి ఇంటే
అండ్ల అమ్మ స్టవ్ పంపు కొడుతున్నది.

ముప్పై ఒకటో నిమిషంల ఓల్టేజి పడి
ఎర్ర అనే మాట జీడిపాకం లెక్క సాగింది.
అదొక్కటి సరిజేసిన.
కరెంటు తప్పు బాపు మీదెందుకు?

ఇగ ఏ రకంల దాసుడు?
ఎంపీత్రీ అయితే, తేజ చెప్పిండు,
చెవి గుర్తువట్టనిదాన్ని పారేసి చిన్నగైతదట.
నిజమే గావచ్చు.
గని ఇది చెవి కోసం చెప్పింది గాదు గద,
చెయ్యి కోసం చెప్పింది.
పోగు తెగకుంట నాలుగొందల నలభై ఎంబీ
పెన్‌డ్రైవ్‌ల పెట్టి, పాత లెక్కల బుక్కుల నడుమ
ఇనుప పెట్టెల తాళమేసిన.
చిన్నది పిల్లల ఫోన్లకు పంపిన.

నిన్న షెడ్డుకు పోతే
పదకొండు దిక్కుల బాపు.
ఒకదగ్గర ఎర్ర, ఒకదగ్గర నల్ల,
ఒకదగ్గర ఇంక దగ్గుతనే ఉన్నడు.
మూలకున్న పిల్లకు ఎవరిదో ఫోన్ వచ్చింది.
మూడెర్ర అన్నకాడ బాపు ఆగిపోయిండు.
ఆమె బయటికి పోయి, నవ్వి, మాట్లాడి,
నీళ్లు తాగి వచ్చిందాక ఆగిండు.

బతికున్నప్పుడు
బువ్వకు పిలిస్తే గూడ ఆగినోడు గాదు.